పౌడర్ మిల్లుకు సైక్లోన్ కట్టించడం ఎలా: కొలతల నుంచి చిమ్నీ పరీక్ష దాకా

తాడిపత్రిలో, బేతంచెర్లలో, ఎర్రగుంట్ల చుట్టుపక్కల రాయిని పిండి చేసే మిల్లులు నడుపుతున్నవాళ్ల కోసం, కొత్తగా పెట్టబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సున్నపురాయి, డోలమైట్, ముగ్గురాయి, బలపం రాయి, పలుగురాయి, ఏది ఆడించినా మిల్లులోంచి వచ్చే గాలిలో పిండి కలిసి ఉంటుంది. ఆ గాలిని గిర్రున తిప్పి, పిండిని గోడకు నెట్టి, కిందికి రాల్చేదే సైక్లోన్. లోపల తిరిగే భాగం ఒక్కటీ ఉండదు. కాలే మోటారు, చిరిగే గుడ్డ ఏమీ ఉండవు. కొలతలు సరిగా ఉంటే ఏళ్ల తరబడి మాట్లాడకుండా పని చేస్తుంది. కొలత తప్పితే, లేదా కింద లీకుంటే, పెట్టిన ఇనుమంతా దండగ.

మన వైపు చాలా మిల్లుల్లో సైక్లోన్ ఉంటుంది. పని చేసేవి మాత్రం తక్కువ. దానికి కారణాలు రెండే: కోన్ (సైక్లోన్ కింద సన్నబడుతూ పోయే గరాటు భాగం) అడుగున గాలి లోపలికి దూరడం, సైక్లోన్ ఒక్కటే చాలనుకోవడం. కింద చెప్పే పనులన్నిటిలో ఈ రెండింటి దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను.

సైక్లోన్ దేన్ని పట్టుకుంటుంది, దేన్ని పట్టుకోలేదు

వడిసెలలో రాయి పెట్టి తిప్పితే తాడు చేతిని ఎంత బలంగా లాగుతుందో జొన్నచేనికి కాపలా కాసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సైక్లోన్‌లో జరిగేదీ అదే, తాడు ఒక్కటి ఉండదు. పక్క నుంచి వేగంగా దూరిన గాలి గుండ్రటి గోడ వెంట తిరుగుతుంది. గాలితో సమానంగా మలుపు తిరగలేని బరువైన రేణువు తిన్నగా పోయి గోడకు తగిలి, జారుకుంటూ కోన్‌లోకి దిగుతుంది. గాలి మాత్రం అడుగు దాకా సుడి తిరుగుతూ పోయి, మధ్యలోంచి మళ్లీ పైకి లేచి, పై గొట్టంలోంచి బయటపడుతుంది. 80 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సైక్లోన్‌లోకి గాలి సెకనుకు 15 మీటర్ల పైచిలుకు వేగంతో దూరితే, గోడ దగ్గర రేణువు మీద పడే బలం దాని సొంత బరువుకు దాదాపు 60 రెట్లు.

ఇదే పద్ధతిలో పొగలోని గ్యాసును కూడా విడదీయొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. "సైక్లోన్ పెడితే దుమ్మే కాదు, గ్యాసు కూడా తగ్గుతుంది" అని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ మాట నమ్మి డబ్బు పెట్టొద్దు. కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44, నైట్రోజన్‌ది 28. బరువులో తేడా ఉన్నమాట నిజమే. కానీ అణువులు క్షణం ఆగకుండా ఒకదాన్నొకటి గుద్దుకుంటూ మళ్లీ మళ్లీ కలిసిపోతుంటాయి. మన సైక్లోన్‌లో ఉండే సెకనుకు 20 మీటర్ల వేగానికి లెక్క కడితే, మధ్యలో ఉన్న గాలికీ గోడ దగ్గర ఉన్న గాలికీ ఈ రెండు గ్యాసుల పాళ్లలో వచ్చే తేడా వెయ్యింట ఒక వంతుకు కాస్త పైన, అంతే. అదే సెకనుకు 400 మీటర్ల వేగంతో తిప్పగలిగితే తేడా 1.67 రెట్లు అవుతుంది. అది ధ్వని కంటే ఎక్కువ వేగం. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లు ఇలాంటి వేగంతోనే తిరుగుతాయి: గాలి తీసేసిన కవచం లోపల, పొడవాటి సన్నటి రోటార్లు, ఒకదాని తర్వాత ఒకటిగా వేల సంఖ్యలో. చిమ్నీలోంచి సెకనుకు ఒక ఘనపు మీటరు గాలి పోయే మిల్లుకు ఆ పద్ధతి ఏ లెక్కనా కిట్టదు.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల ప్రీహీటర్ టవర్లలో సైక్లోన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అవి చేసేది కూడా వేడి గాలిలోంచి రాతిపొడిని వేరు చేయడం, ఆ వేడిని పొడికి అందించడం. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి గాల్లోకి పోతుంది. అన్ని సైక్లోన్లు ఉన్నా అందులో ఒక్క కిలో కూడా తగ్గదు. రాయిని ఆరబెట్టే మీ డ్రయ్యర్‌లో బొగ్గు కాలుస్తూ గంధకం వాసన వస్తుంటే, దానికి సున్నపు నీళ్లతో పొగను కడిగే స్క్రబ్బర్ కావాలి. స్క్రబ్బర్ తర్వాత గాలిలో మిగిలే నీటి తుంపరలను పట్టడానికి మాత్రం మళ్లీ ఒక చిన్న సైక్లోన్ బాగా పనికొస్తుంది. నీటి చుక్క కూడా ఒక రేణువే కాబట్టి.

మొదటి పని: మీ దుమ్ము ఎంత సన్నదో చూసుకోండి

మిల్లువాళ్లు పిండి సన్నదనాన్ని మెష్‌తో, అంటే జల్లెడకు అంగుళంలో ఉండే కన్నాల లెక్కతో చెబుతారు. 200 మెష్ అంటే సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 325 మెష్ అంటే 45. ఈ లెక్క అమ్మే సరుకుకు పనికొస్తుంది కానీ దుమ్ముకు చాలదు. గాలిలో ఎగిరేదంతా జల్లెడకు అందనంత సన్నది. దానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది.

షెడ్డు దూలాల మీద పేరుకున్న దుమ్మును ఒక చెంచాడు తీసుకోండి. లీటరు పట్టే, నిటారు గోడలున్న తేటైన సీసాలో నీళ్లు పోసి, అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, ఈ దుమ్ము కలిపి బాగా కుదపండి. సబ్బు వేయకపోతే రేణువులు గుంపులు కట్టి తొందరగా దిగిపోతాయి, పరీక్ష తప్పుతుంది. నీటి పైమట్టం నుంచి 10 సెంటీమీటర్ల కింద మార్కర్‌తో గీత గీసి, సీసాను కదలని చోట, ఎండ తగలకుండా పెట్టండి. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటే సున్నపురాయి పొడిలో 10 మైక్రాన్ల రేణువు ఆ గీత దాకా దిగడానికి పావుగంట పడుతుంది. 4 మైక్రాన్ల రేణువుకు గంటన్నర. పావుగంట తర్వాత గీత పైన నీళ్లు తేటపడితే మీ దుమ్ము ముతకది, సైక్లోన్‌కు సులువుగా దొరుకుతుంది. గంటన్నర దాటినా నీళ్లు పాలలా తెల్లగానే ఉంటే, ఆ తెలుపంతా సైక్లోన్‌లోంచి జారిపోయే సరుకు. ముగ్గురాయి బరువు, నీటికి నాలుగు రెట్లకు పైన, కాబట్టి దానికి ఈ సమయాలు సగానికి తగ్గుతాయి.

లాబ్‌లో పార్టికల్ సైజు పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది. కానీ ముందు ఈ సీసా పరీక్ష చేసి చూడండి. ఆ తెల్లటి నీళ్లు కళ్లారా చూశాక, సైక్లోన్ తర్వాత గాలిని గుడ్డ సంచుల్లోంచి వడకట్టే బ్యాగ్ ఫిల్టర్ ఎందుకని అడగరు.

రెండో పని: ఎంత గాలి లాగాలో లెక్క కట్టండి

చాలామంది ముందు ఫ్యాన్ కొని, తర్వాత దానికి సైక్లోన్ వెతుకుతారు. ముందు కావలసింది దుమ్ము పుట్టే చోటు. మిల్లు నోరు, సరుకును పైకెత్తే ఎలివేటర్ అడుగు, బస్తాలు నింపే చోటు, వీటన్నిటినీ ముందు రేకుతోనో రబ్బరు పరదాతోనో ఎంత వీలైతే అంత మూసేయండి. మూయగా మిగిలిన సందుల విస్తీర్ణం కొలవండి. రాయి పడి, నలిగి దుమ్ము చిమ్మే చోట ఆ సందుల్లోంచి గాలి లోపలికి సెకనుకు 1 నుంచి 2.5 మీటర్ల వేగంతో పోవాలి. ఉదాహరణకు సందులన్నీ కలిపి 0.8 చదరపు మీటర్లు, వేగం 1.25 అనుకుంటే సెకనుకు 1 ఘనపు మీటరు, అంటే గంటకు 3,600 ఘనపు మీటర్లు. ఇక్కడి నుంచి ఇదే లెక్కతో పోదాం.

సందు సగం మూస్తే గాలి సగం చాలు. ఫ్యాన్, సైక్లోన్, బ్యాగులు, కరెంటు బిల్లు అన్నీ దాంతో పాటే తగ్గుతాయి. వెయ్యి రూపాయల రబ్బరు పరదా మీద పెట్టే ఖర్చుకు వచ్చినంత లాభం ఈ మొత్తం పనిలో ఇంకెక్కడా రాదు. ఆషాఢం గాలి తెరిచిన షెడ్డులోంచి దూసుకుపోయేటప్పుడు ఈ పరదా విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

దుమ్ము గాలిని మోసే గొట్టంలో వేగం సెకనుకు 18 నుంచి 20 మీటర్లు ఉండాలి. తగ్గితే పిండి గొట్టంలోనే పేరుకుంటుంది. మన 1 ఘనపు మీటరుకు 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం సరిపోతుంది, వేగం 20 వస్తుంది. మలుపులు నిదానంగా తిరగాలి, ఎక్కడా టక్కున విరగకూడదు.

మూడో పని: సైక్లోన్ కొలతలు

1951లో స్టెయిర్‌మండ్ అనే ఇంజనీరు ప్రచురించిన పాళ్లను నేటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. సన్నటి దుమ్ముకు అవే మంచివి. అన్నీ సైక్లోన్ ఒంటి వ్యాసం మీద, అంటే నిటారుగా ఉండే గుండ్రటి భాగం వ్యాసం మీద ఆధారపడతాయి. గాలి దూరే ద్వారం ఎత్తు వ్యాసంలో సగం, వెడల్పు ఐదో వంతు. పై గొట్టం వ్యాసం ఒంటి వ్యాసంలో సగం, అది లోపలికి దిగే లోతు కూడా సగం. నిటారు భాగం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, కోన్ రెండున్నర రెట్లు. కింద పిండి రాలే నోరు వ్యాసంలో ఎనిమిదింట మూడు వంతులు.

ద్వారం దగ్గర వేగం సెకనుకు 15 మీటర్లు అనుకోండి. 1 ఘనపు మీటరును 15తో భాగిస్తే 0.067 చదరపు మీటర్ల ద్వారం కావాలి. ఎత్తు సగం, వెడల్పు ఐదో వంతు కాబట్టి ద్వారం విస్తీర్ణం వ్యాసపు వర్గంలో పదో వంతు. అంటే వ్యాసపు వర్గం 0.67, వ్యాసం 0.82 మీటర్లు. 80 సెంటీమీటర్లకు సర్దుకుందాం, వేగం 15.6 అవుతుంది. అప్పుడు ద్వారం 40 × 16 సెంటీమీటర్లు, పై గొట్టం వ్యాసం 40, లోపలికి దిగేది 40, నిటారు భాగం 120, కోన్ 200, కింద నోరు 30.

మొత్తం ఎత్తు 3 మీటర్ల 20 సెంటీమీటర్లు. దాని కింద హాపర్ (పిండి పడే తొట్టి), ఎయిర్‌లాక్ (పిండిని కిందికి వదిలి గాలిని లోపలికి దూరనివ్వని తలుపు), బస్తా పెట్టే జాగా కలిపితే 5 మీటర్లు దాటుతుంది. ఇక్కడే వెల్డర్ తల గోక్కుంటాడు. "కోన్ రెండడుగులు తగ్గిస్తే షెడ్డు కిందనే పడుతుందన్నా, ఏం కాదులే" అంటాడు. ఒప్పుకోకండి. కోన్ పొట్టిదైతే గాలి తిరిగే చుట్లు తగ్గుతాయి, సన్నటి రేణువుకు గోడ దాకా చేరే సమయం చాలదు. షెడ్డు రేకుకు కంత పెట్టి సైక్లోన్ తల బయటికి తీయండి. అదీ కుదరకపోతే గాలిని రెండుగా చీల్చి రెండు చిన్న సైక్లోన్లు పక్కపక్కన పెట్టండి. ఒక్కోదాని వ్యాసం 57 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, ఎత్తు తగ్గుతుంది, పైగా పట్టుకునే శక్తి కొంత పెరుగుతుంది. రెండింటికీ గాలి సమానంగా పంచాలి. రెండింటి కింద హాపర్లు వేరువేరుగా ఉండాలి. ఒకే హాపర్ పెడితే ఒకదాని అడుగు నుంచి ఇంకోదానిలోకి గాలి దూరుతుంది.

వేగం పెంచితే ఇంకా బాగా పడుతుంది కదా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. 20 మీటర్లు దాటాక గోడకు చేరిన పిండిని గాలే మళ్లీ లేపుతుంది, రేకు కూడా తొందరగా అరుగుతుంది. పలుగురాయి, ముగ్గురాయి మిల్లులు 15 దగ్గరే ఆగడం మేలు. చెనక్కాయ పొట్టు పట్టే సైక్లోన్ సంగతి వేరు: పొట్టు పెద్దది, తేలికది, నోరు వెడల్పుగా ఉండాలి, లేకపోతే అడ్డం పడి మూసుకుపోతుంది. రాతిపొడికి కట్టిన సైక్లోన్‌ను పొట్టు మిల్లుకు తరలించొద్దు. పొట్టు దుమ్ము నిప్పంటుకునేది కూడా.

ఈ లెక్కకు దొరికే ఫలితం

పైన చెప్పిన సైక్లోన్ సున్నపురాయి పొడిలో 4 మైక్రాన్ల రేణువులను సగం పడుతుంది, సగం వదిలేస్తుంది. 10 మైక్రాన్లవి నూటికి 85, 20 మైక్రాన్లవి 95. 2 మైక్రాన్లవి మాత్రం 20 కూడా దొరకవు. ముగ్గురాయి బరువు కాబట్టి సగం దొరికే హద్దు 3.3 మైక్రాన్ల దాకా దిగుతుంది.

ఈ అంకెలను ఇంకో వైపు నుంచి చూడండి. 10 మైక్రాన్ల పైన ఉన్న రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. ఊపిరితిత్తుల అడుగు దాకా దిగేవి 4 మైక్రాన్ల కంటే సన్నటివి. సైక్లోన్ వదిలేసేది సరిగ్గా వాటినే. పలుగురాయి పొడి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవాళ్లకు ఆ పోయిన ఊపిరి ఏ మందుతోనూ తిరిగి రాదు. చట్టం ప్రకారం అది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. చిమ్నీలోంచి కంటికి దుమ్ము కనబడకపోతే చాలు అనుకునే యజమానులకు నేను చెప్పేది ఇదే: కంటికి కనబడనిదే మన పనివాళ్లను తినేది.

చట్టం లెక్కా అంతే చెబుతుంది. మిల్లు గాలిలో ఘనపు మీటరుకు 10 గ్రాముల దుమ్ము ఉందనుకోండి. నూటికి 90 పట్టినా 1 గ్రాము, అంటే 1,000 మిల్లీగ్రాములు బయటికి పోతుంది. పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో సాధారణ హద్దు 150 మిల్లీగ్రాములు. మీ మిల్లుకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి) కాగితంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే అదే మీ హద్దు. ఆ 1 గ్రామే 8 గంటల షిఫ్టులో దాదాపు 29 కిలోలవుతుంది. పక్క చేలల్లో చెనక్కాయ ఆకుల మీద తెల్లగా కూర్చునేది అదే.

కాబట్టి సైక్లోన్ తర్వాత బ్యాగ్ ఫిల్టర్ పెట్టాల్సిందే. అలాంటప్పుడు నేరుగా బ్యాగ్ ఫిల్టరే పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టొచ్చు. కానీ ముతక పిండి మొత్తం బ్యాగుల మీద పడితే అవి తొందరగా అరిగి చిరుగుతాయి. సైక్లోన్ ముందుంటే బ్యాగుల మీద పడేది పదో వంతే, పైగా పట్టిన పిండి మీ సరుకే, అమ్ముడుపోతుంది. మన 1 ఘనపు మీటరు గాలికి 50 చదరపు మీటర్ల గుడ్డ కావాలి. 15 సెంటీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవున్న బ్యాగులైతే 36.

నాలుగో పని: కట్టించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

గోడ లోపలి వైపు నున్నగా ఉండాలి. వెల్డింగు కుట్లు లోపల ఉబ్బెత్తుగా ఉంటే గోడ వెంట జారే పిండి అక్కడ ఎగిరి మళ్లీ గాలిలో కలుస్తుంది. గ్రైండర్‌తో సాపు చేయించి, మీరే చేత్తో తడిమి చూడండి. పై గొట్టం సరిగ్గా నడిమధ్యన ఉండాలి. నాలుగు వైపులా టేపు పెట్టి కొలిచి, అంగుళం తేడా ఉన్నా ఊడదీయించండి. ద్వారం బయటి గోడ ఒంటి గోడతో సూటిగా కలిసిపోవాలి, ద్వారపు రేకు లోపలికి పొడుచుకు రాకూడదు. గాలి వచ్చి మొదట గుద్దుకునే గోడ భాగానికీ, కోన్ కింది భాగానికీ మందం రేకు లేదా విప్పి మార్చుకునే లైనర్ వేయించండి. చిల్లులు పడేది అక్కడే.

కోన్ అడుగున పిండి నిల్వ చేయకండి. సుడిగాలి తోక అక్కడి దాకా దిగుతుంది, అక్కడ పిండి పేరుకుంటే దాన్ని ఊడ్చుకుని పైకి పోతుంది. కోన్ నోటి కింద, దానికంటే వెడల్పైన హాపర్ పెట్టి, అందులో పిండి మట్టం ఎప్పుడూ కిందనే ఉండేలా చూసుకోవాలి.

ఐదో పని: ఎయిర్‌లాక్, ఇక్కడ రాజీపడొద్దు

ఫ్యాన్ ఎప్పుడూ సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ దాటాకే పెట్టండి. శుభ్రమైన గాలిలో తిరుగుతుంది కాబట్టి దాని రెక్కల చక్రం అరగదు, ఎక్కడైనా లీకున్నా దుమ్ము బయటికి చిమ్మదు. ఇందులో ఒక చిక్కుంది. ఫ్యాన్ లాగుతున్నంత సేపూ సైక్లోన్ లోపల పీడనం బయటి కంటే తక్కువ, కోన్ అడుగున నడిమధ్య అయితే మరీ తక్కువ. అడుగున చిన్న సందున్నా బయటి గాలి కింది నుంచి పైకి చిమ్ముతూ దూరుతుంది. రాలిపోయిన పిండిని అదే మళ్లీ ఎత్తుకుని చిమ్నీకి చేరుస్తుంది. లాగే గాలిలో కొద్ది శాతం అక్కడి నుంచి దూరినా చాలు, సైక్లోన్ పట్టే పిండి సగానికి పడిపోవచ్చు.

మన మిల్లుల్లో మామూలుగా కనబడేది ఏమిటంటే, కోన్ నోటికి గోనెసంచి కట్టి ఉంటుంది. లేకపోతే ఒక జారుడు పలక, అది సగం తెరిచే ఉంటుంది. కొన్నిచోట్ల బస్తా మార్చేటప్పుడు నోరు బార్లా తెరిచి, ఫ్యాన్ నడుస్తుండగానే మారుస్తారు. ఆ నిమిషం చిమ్నీ వైపు చూడండి, తెల్లటి మబ్బు లేస్తుంది.

కావలసింది మోటారుతో తిరిగే రోటరీ ఎయిర్‌లాక్. డబ్బు తక్కువైతే ఒకదాని కింద ఒకటి, బరువు కట్టిన రెండు ఫ్లాప్ వాల్వులు పెట్టొచ్చు, రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు. రోటరీ రెక్కల అంచులకూ కేసింగ్‌కూ మధ్య సందు పెరిగితే దాని పని అయిపోయినట్టే. రాతిపొడికి ఆ రెక్కలు తొందరగా అరుగుతాయి. అంచులకు మార్చుకునే రబ్బరు పట్టీలుండే రకం తీసుకోండి, పట్టీలు రెండు జతలు స్టోరులో పెట్టుకోండి.

లీకు పట్టడానికి ఒక అగరుబత్తి చాలు. మిల్లు ఆపి, ఫ్యాన్ ఒక్కటే నడపండి. షెడ్డులో గాలి వీయని వేళ చూసుకోండి, తెల్లవారుజాము మంచిది. ఎయిర్‌లాక్ చుట్టూ, బోల్టులు బిగించిన ప్రతి అతుకు (ఫ్లాంజి) వెంట, తనిఖీ తలుపు అంచుల వెంట అగరుబత్తిని బెత్తెడు దూరంలో నిదానంగా జరపండి. పొగ తిన్నగా పైకి లేస్తుంటే అక్కడ బాగున్నట్టు. పొగ వంగి గీతలా సందులోకి లాగబడితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఫ్యాన్ ఆపాక గ్యాస్కెట్ మార్చి, బోల్టులు బిగించి, మళ్లీ పొగ పట్టండి. చెనక్కాయ పొట్టు లాంటి మండే దుమ్మున్న చోట మాత్రం నిప్పుతో ఈ పరీక్ష చేయొద్దు. అక్కడ సన్నటి టిష్యూ కాగితం పట్టీ చాలు.

ఆరో పని: ఫ్యాన్, మానోమీటర్

ఈ సైక్లోన్ దాటడానికి గాలికి సుమారు 95 మిల్లీమీటర్ల నీటి మట్టమంత పీడనం ఖర్చవుతుంది. బ్యాగ్ ఫిల్టర్‌కు 100 నుంచి 150, గొట్టాలకు, దుమ్ము పుట్టే చోట గాలి లాగే మూతలకు (హుడ్డులకు) ఇంకొంత. ఫ్యాన్ ఆర్డరు ఇచ్చేటప్పుడు గాలి ఎంతో చెప్పి ఊరుకోకుండా ఈ మొత్తం పీడనం కూడా రాసివ్వండి. "5 హెచ్‌పీ ఫ్యాన్ ఇవ్వు" అంటే అది ఫ్యాన్ కొలత కాదు.

సైక్లోన్ ముందొకటి, తర్వాతొకటి చిన్న కంతలు పెట్టి, తేటైన ప్లాస్టిక్ గొట్టాన్ని 'యు' ఆకారంలో వంచి, సగం రంగునీళ్లు పోసి, పక్కన స్కేలు బిగించండి. మానోమీటర్ అంటే ఇదే. రెండు వైపుల నీటి మట్టాల తేడానే మీ పీడనం. మొదటి రోజు, అంతా కొత్తగా ఉన్నప్పుడు వచ్చిన అంకెను గోడ మీద పెయింటుతో రాసి పెట్టండి. తర్వాత ఆ అంకె తగ్గిపోతే గాలి తగ్గినట్టు: ఫ్యాన్ బెల్టు వదులైందో, బ్యాగులు మూసుకుపోయాయో, ముందున్న గొట్టం పూడిందో చూడండి. పెరిగితే ఎవరో డ్యాంపర్ (గొట్టంలో గాలిని తగ్గించే పలక) తెరిచారు. అంకె అలాగే ఉండి కింద పిండి రాకపోతే కోన్ నోరు మూసుకుపోయింది, వెంటనే మిల్లు ఆపాలి.

ఏడో పని: రోజూ నడపడం

మొదలుపెట్టేటప్పుడు ముందు ఎయిర్‌లాక్, తర్వాత ఫ్యాన్, చివర మిల్లు. ఆపేటప్పుడు ముందు మిల్లు, కొన్ని నిమిషాలు ఆగి ఫ్యాన్, హాపర్ ఖాళీ అయ్యాక ఎయిర్‌లాక్. వీటిని ఎలక్ట్రీషియన్ చేత ఇంటర్‌లాక్ చేయిస్తే మనిషి మరచిపోయినా యంత్రం మరచిపోదు.

వానాకాలంలో తడిరాయి వస్తే పిండి కోన్‌కు అంటుకుంటుంది. రాయిని రేకుల కింద ఆరబెట్టి ఆడించండి. డ్రయ్యర్ గాలి వస్తుంటే సైక్లోన్‌కు బయటి నుంచి ఇన్సులేషన్ చుట్టించండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి పిండి ముద్దవుతుంది. మూసుకుపోయినప్పుడు సుత్తితో కోన్‌ను కొట్టడం పనివాళ్లకు అలవాటు. కొట్టిన ప్రతిచోటా సొట్ట పడుతుంది, తర్వాతిసారి పిండి ఆ సొట్ట దగ్గరే ఆగుతుంది. కోన్‌కు చిన్న వైబ్రేటర్, దాని పక్కన పొడుచుకోవడానికి మూత ఉన్న కంత పెట్టించండి.

లోపల చేయి పెట్టాల్సి వస్తే మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, ఆ తాళం చెవి చేయి పెట్టే మనిషి జేబులోనే ఉండాలి. రోటరీ ఎయిర్‌లాక్‌లో వేళ్లు పోవడానికి క్షణం చాలు. బ్యాగులు, హాపర్ శుభ్రం చేసేవాళ్లకు ఎన్-95 కంటే తక్కువ మాస్కు ఇవ్వొద్దు, తువ్వాలు మాస్కు కాదు. నేల మీద పడిన పొడిని చీపురుతో ఊడిపించొద్దు, వ్యాక్యూమ్‌తో లాగించండి లేదా తడిపి తీయించండి.

ఎనిమిదో పని: ఆర్డరు కాగితం

నోటిమాట మీద పని ఒప్పుకోకండి. కాగితం మీద ఇవి రాయించండి: గాలి ఎంత, ద్వారం దగ్గర వేగం ఎంత, పైన చెప్పిన ఎనిమిది కొలతలు, రేకు మందం, లైనర్ ఎక్కడెక్కడ, ఎయిర్‌లాక్ రకం, పీడనం ఎంత దాటకూడదు, చిమ్నీలో ఘనపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు దాటకూడదు. చిమ్నీకి పరీక్ష కంత, దాని దగ్గరికి నిచ్చెన, మనిషి నిలబడే తిన్నె కూడా రాయించండి. ఆ కంత కింద చిమ్నీ వ్యాసానికి ఎనిమిది రెట్లు, పైన రెండు రెట్లు తిన్నని గొట్టం ఉండాలి, లేకపోతే లాబ్‌వాళ్లు తీసే నమూనా సరిగా రాదు.

డబ్బులో చివరి వాయిదా అగరుబత్తి పరీక్ష, లాబ్ రిపోర్టు రెండూ వచ్చాకే ఇవ్వండి. రిపోర్టు తీసేరోజు మిల్లు పూర్తి లోడు మీద, ఎప్పుడూ ఆడించే రాయితోనే నడవాలి.